60 కిలోల దగ్గర ఆగిన బెంచ్ ప్రెస్‌ను కదిలించడం ఎలా?

మీరు రాసినదాన్ని ముందు ఒకచోట పెట్టుకుంటాను. వయసు 27, బరువు 68 కిలోలు, జిమ్‌కు వెళ్లడం మొదలుపెట్టి ఏడాది దాటింది. ప్రతి సోమవారం ఛాతీ వ్యాయామం. బెంచ్ ప్రెస్, అంటే బెంచ్ మీద వెల్లకిలా పడుకుని బార్‌ను ఛాతీ దాకా దించి పైకి తోయడం, 60 కిలోలతో మూడు సెట్లు (విడతలు), సెట్టుకు ఎనిమిది రెప్‌లు (ఒకసారి దించి ఎత్తితే ఒక రెప్), చివరి రెండు మూడు స్నేహితుడి సాయంతో. నాలుగు నెలలుగా అంకె కదలడం లేదు. ఈమధ్య 70 ప్రయత్నిస్తే బార్ సగంలో ఆగిపోయింది, అప్పటి నుంచి కుడి భుజం ముందువైపు పోటు. డిసెంబరు నాటికి 100 ఎత్తాలంటే ఏ ప్రోగ్రామ్ పాటించాలి, బెల్టు, మణికట్టు పట్టీలు కొనాలా అని అడిగారు.

డిసెంబరు మాట పక్కన పెట్టండి. ముందు తేల్చుకోవలసింది మీ 60 నిజంగా మీదేనా అన్నది. నా లెక్క ప్రకారం కాదు.

బరువును, దానితో చేసిన రెప్‌ల సంఖ్యను బట్టి ఒక్కసారి ఎంత ఎత్తగలమో అంచనా కట్టే ఎప్లీ సూత్రం ఒకటి వాడుకలో ఉంది. రెప్‌లను 30తో భాగించి, దానికి ఒకటి కలిపి, బరువుతో గుణించాలి. 60 కిలోలతో ఎనిమిది రెప్‌లు ఎవరి సాయం లేకుండా చేసేవారికి ఒక్కసారి గరిష్ఠం 76 వస్తుంది. ఆ లెక్కన 70 మీకు నవ్వుతూ లేవాలి. లేవలేదు. అంటే ఆ ఎనిమిదిలో కొన్ని మీవి కావు.

మన జిమ్‌లలో సోమవారం సాయంత్రం బెంచ్ దగ్గర జరిగేది ఇదే. పడుకున్నవాడు ఐదోసారి బార్‌ను దించేసరికి తల వెనక నిలబడ్డ స్నేహితుడి చేతులు అప్పటికే బార్ కిందికి చేరి ఉంటాయి. 'ఇంకొకటి, ఇంకొకటి, అంతా నువ్వే' అని అరుస్తూ పైకి లాగుతుంటాడు. తరువాత అడిగితే 'వేళ్లు ఆనించానంతే' అంటాడు. ఆ వేళ్లు ఐదు కిలోలు మోశాయో పదిహేను మోశాయో ఇద్దరికీ తెలియదు. స్నేహితుడి నడుముకు మంచి వ్యాయామం దొరికింది, మీ లెక్క మాత్రం పాడైంది. లెక్క పాడైతే దానిమీద కట్టిన ప్రోగ్రామ్ ఏదైనా పాడవుతుంది, అది ఎంత పేరున్న కోచ్ రాసినా సరే.

ఇంకో చిన్న అనుమానం కూడా తీర్చుకోండి. పోటీల్లో వాడే బార్ బరువు 20 కిలోలు. చాలా జిమ్‌లలో ఉండే సన్నటి బార్‌లు అంత ఉండవు. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ మీద బార్‌ను పట్టుకుని ఒకసారి, వట్టి చేతులతో ఒకసారి నిలబడి తేడా చూడండి. జిమ్ మారగానే 'బలం తగ్గిపోయింది' అని కుంగిపోయేవారిలో సగం మంది కథ ఈ బార్‌లోనే ఉంటుంది.

భుజం నెమ్మదించాక 50 కిలోలు పెట్టి, ఎవరూ ముట్టుకోకుండా, ప్రతిసారీ బార్ ఛాతీని తాకి ఒక్క క్షణం నిలిచేలా చేయండి. ఆరు రెప్‌లు శుభ్రంగా వచ్చి ఏడోది అనుమానంగా ఉంటే మీ నిజమైన గరిష్ఠం 60. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఇక్కడి నుంచే పని మొదలవుతుంది.

ఇక భుజం సంగతి. ఈ మాటలు రాస్తున్నవాడు డాక్టరు కాడు, బెంచ్ చుట్టూ చాలా ఏళ్లు గడిపినవాడు మాత్రమే. భుజం ముందువైపు, లోతుగా, బార్ దించేటప్పుడు మాత్రమే పొడిచినట్టు ఉండి, పట్టు మార్చగానే తగ్గే నొప్పి చాలావరకు పద్ధతి లోపంతో వచ్చేది. భుజం పైన, కాలర్ ఎముక చివర వేలుపెట్టి చూపగలిగేంత కచ్చితంగా ఉండే నొప్పి వేరు. ఏళ్ల తరబడి బరువులు ఎత్తేవారిలో ఆ ఎముక చివర అరగడం తెలిసిన సమస్యే. రాత్రి ఆ వైపు పడుకోలేకపోవడం, చేయి పైకెత్తితే బలం లేకపోవడం, వేళ్లు తిమ్మిరెక్కడం ఉంటే ఈ సమాధానం చదవడం ఆపి ఎముకల డాక్టరును కలవండి. బార్ దించుతుండగా ఛాతీ, చంక కలిసేచోట 'టప్'మని తెగినట్టు అనిపించి, తరువాత పైచేయి లోపలివైపు నల్లగా కమిలితే ఒక్కరోజు కూడా ఆగకూడదు. అది ఛాతీ కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువు తెగడం కావచ్చు. ఈ గాయం ఎక్కువగా జరిగేది బెంచ్ ప్రెస్‌లోనే, అదీ బరువు కిందికి దిగేటప్పుడు. శస్త్రచికిత్స అవసరమైతే మొదటి వారాల్లో చేసినదానికి, నెలల తరువాత చేసినదానికి ఫలితంలో తేడా ఉంటుంది.

మీది మొదటి రకంలాగే కనిపిస్తోంది. అయినా రెండు వారాలు బార్‌ను వదిలేయండి. నొప్పి పుట్టనంతవరకు అరచేతులు ఎదురెదురుగా ఉండేలా డంబెల్స్ పట్టుకుని, నేలమీద పడుకుని ప్రెస్ చేయండి. మోచేతులు నేలకు తగిలి ఆగిపోతాయి కాబట్టి భుజం మరీ వెనక్కి సాగదు. దానితోపాటు దండీలు తీయండి. బెంచ్ ప్రెస్ చేసేవారు దండీలను చిన్నచూపు చూస్తారు కానీ, వాటిలో చేతుల మీద పడేది ఒంటి బరువులో దాదాపు మూడింట రెండు వంతులు, అంటే మీ విషయంలో 45 కిలోల చిల్లర. పైగా బెంచ్ మీద బిగిసి ఉండే రెక్క ఎముకలు (భుజాల వెనక, వీపు మీది పలక ఎముకలు) దండీల్లో స్వేచ్ఛగా కదులుతాయి, వాటిని పట్టి ఉంచే కండరాలకు పని దొరుకుతుంది. ఛాతీ మీద ఏనుగును నిలుపుకునేవారని పేరుపొందిన మన కోడి రామమూర్తి నాయుడి కాలానికి బెంచ్ ప్రెస్ ఇంత వాడుకలోకి రాలేదు. తాలింఖానాల్లో, అంటే అప్పటి వ్యాయామశాలల్లో, ఛాతీని పెంచింది దండీలే. నడుము జారకుండా, ఛాతీ నేలను దాదాపు తాకేలా వరుసగా 20 తీయలేనివారు బార్ మీద బరువు పెంచడానికి తొందరపడకూడదన్నది నా పట్టుదల. దీనికి శాస్త్రం అడగవద్దు, అనుభవం మాత్రమే.

ఇప్పుడు పద్ధతి. అన్నిటికన్నా ఎక్కువ చోటు దీనికే ఇస్తాను, ఎందుకంటే 60 దగ్గర ఆగినవారిలో ఎక్కువమంది ఆగేది కండబలం లేక కాదు.

బార్‌ను ఆనించి పెట్టే ర్యాక్ కొక్కేల ఎత్తు ముందు చూడండి. పడుకుని చేతులు చాపితే, మోచేతులు కొద్దిగా వంగి ఉండగానే బార్ అందాలి. మరీ ఎత్తులో ఉంటే బార్ తీయడానికే భుజాలు ముందుకు లేస్తాయి, అక్కడే సగం పట్టు పోతుంది. కళ్లు సరిగ్గా బార్ కిందికి వచ్చేలా పడుకోండి. తరువాత రెండు రెక్క ఎముకలనూ వెనక్కి దగ్గరకు లాగి, కిందికి, అంటే ప్యాంటు వెనక జేబుల వైపు దించండి. ఛాతీ దానంతట అదే పైకి లేస్తుంది, వీపు కింద చిన్న వంపు ఏర్పడుతుంది. ఈ వంపును చూసి 'నడుము పోతుంది' అని భయపెట్టేవారు ఉంటారు. బరువు పడేది మెడ కింది వీపు మీద, నడుము మీద కాదు. పిరుదులు బెంచ్‌ను వదలకపోతే చాలు. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. ఎత్తు తక్కువగా ఉన్నవారికి కొన్ని బెంచ్‌ల మీద పాదాలు అందవు. ప్రమాణాల ప్రకారం పోటీ బెంచ్ ఎత్తు 42 నుంచి 45 సెంటీమీటర్లే, స్థానికంగా వెల్డింగ్ చేయించినవి దానికన్నా ఎత్తుగా కనిపిస్తాయి. అలాంటప్పుడు పాదాల కింద రెండు ప్లేట్లు వేసుకోవడానికి మొహమాటం వద్దు. కాళ్లు గాలిలోకి లేపి చేసేవారిని చూసి మాత్రం నేర్చుకోకండి.

పట్టు. బార్ వేళ్ల మొదళ్లలో కాకుండా అరచేతి అడుగున, బొటనవేలి కింది కండ మీదుగా పడాలి. అప్పుడు బరువు నేరుగా ముంజేతి ఎముకల మీదికి దిగుతుంది, మణికట్టు వెనక్కి విరిగినట్టు వంగదు. బొటనవేలును తప్పనిసరిగా బార్ చుట్టూ తిప్పాలి. బొటనవేలు వదిలేసి పట్టే పట్టును ఆత్మహత్య పట్టు అని పిలవడం ఊరికే కాదు. చెమట పట్టిన చేతుల్లోంచి బార్ జారితే అది పడేది ఛాతీ మీదో మెడ మీదో. అలా ప్రాణాలు పోయిన ఘటనలు ఉన్నాయి. ఎంత వెడల్పున పట్టుకోవాలన్నదానికి ఒక్కటే పరీక్ష: బార్ ఛాతీ మీద ఉన్నప్పుడు ఎవరినైనా కాళ్లవైపు నుంచి ఫోటో తీయమనండి. ముంజేతులు రెండూ నిట్టనిలువుగా ఉండాలి. మోచేతుల నుంచి పైకి వెళ్లేకొద్దీ బయటికి వాలితే పట్టు వెడల్పు ఎక్కువైంది, లోపలికి వాలితే తక్కువైంది. భుజం నొప్పి ఉన్నవారు ఒక వేలెడు లోపలికి జరగడమే మంచిది.

దించేటప్పుడు మోచేతులు భుజాలకు సమంగా పక్కలకు చాచుకుని ఉండకూడదు, పక్కటెముకలకు అంటుకునీ ఉండకూడదు. ఒంటికి 45 నుంచి 70 డిగ్రీల మధ్య ఎక్కడో మీ భుజానికి నప్పే చోటు ఉంటుంది. మీ పోటుకు కారణం బహుశా ఇక్కడే దొరుకుతుంది: 70 కిలోలకు భయపడి మోచేతులు పూర్తిగా బయటికి తెరుచుకుని, బార్ కాలర్ ఎముకల దగ్గరకు దిగి ఉంటుంది. బార్ తాకవలసింది ఛాతీ దిగువన, చనుమొనల వరుసలో గానీ దానికి కొంచెం కింద గానీ. అక్కడి నుంచి తోసేటప్పుడు నిట్టనిలువుగా కాకుండా కొద్దిగా ముఖం వైపు, చివరికి భుజాల కీళ్లకు సరిగ్గా పైన ముగిసేలా వెళ్లాలి. పక్కనుంచి వీడియో తీస్తే బార్ దారి కొంచెం వాలుగీతలా కనిపిస్తుంది.

ఊపిరి పైన ఉండగానే నిండా తీసుకుని, బిగబట్టి దించి, కష్టమైన చోటు దాటాక వదలండి. ఊపిరి బిగబట్టినప్పుడు రక్తపోటు బాగా పెరుగుతుంది కాబట్టి అధిక రక్తపోటు, హెర్నియా ఉన్నవారు డాక్టరును అడగకుండా ఈ పని చేయకూడదు.

ఛాతీ మీద బార్‌ను ఎగరేయకండి. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో బార్ ఛాతీ మీద కదలకుండా నిలిచాక రెఫరీ 'ప్రెస్' అంటేనే తోయాలి. 2023 నుంచి అంతర్జాతీయ సమాఖ్య, మోచేతులు భుజాల మట్టం దాకా దిగాలన్న నియమం కూడా పెట్టింది, విపరీతమైన వంపుతో రెండంగుళాలు కదిపి ఎత్తామనే వారిని అదుపు చేయడానికి. మీరు పోటీకి వెళ్లకపోయినా ఆ క్షణం ఆగడం అలవాటు చేసుకుంటే ఎంత బరువు మీ బలంతో లేచిందో, ఎంత ఎగరేస్తే లేచిందో తెలిసిపోతుంది.

ఒంటరిగా చేసేవారికి భద్రత గురించి: పవర్ ర్యాక్ (బార్‌ను ఆపే అడ్డకడ్డీలున్న ఇనుప చట్రం) ఉంటే ఆ అడ్డకడ్డీలను ఛాతీ పైకి లేచి ఉన్నప్పుడు బార్‌కు తగలనంత కిందా, ఊపిరి వదిలి వీపు చదును చేసినప్పుడు బార్ వాటి మీద ఆగేంత పైనా పెట్టుకోండి. బార్ లేకుండా ఒకసారి పడుకుని చూసుకుంటే రెండు నిమిషాల పని. ర్యాక్ లేకుండా ఒక్కరే చేస్తుంటే ప్లేట్లకు క్లిప్పులు పెట్టకండి. ఇరుక్కుపోతే బార్‌ను ఒకవైపు వంచి ప్లేట్లు జార్చవచ్చు. భలే చప్పుడవుతుంది, వెంటనే రెండో వైపు కూడా లేచి పడుతుంది, జిమ్ మొత్తం తిరిగి చూస్తుంది, మీరు మాత్రం క్షేమంగా ఉంటారు. తోడు ఎవరైనా ఉంటే ముందే చెప్పండి: బార్ తీసి ఇవ్వాలి, చేతులు దగ్గరగా ఉంచాలి, బార్ కిందికి తిరిగి జారడం మొదలైతేనో నేను 'పట్టు' అంటేనో తప్ప ముట్టుకోకూడదు. అతను ముట్టుకున్న రెప్ లెక్కలోకి రాదు. ఈ ఒక్క ఒప్పందం కుదిరితే మీ పుస్తకంలో అంకెలు నిజం చెప్పడం మొదలుపెడతాయి.

బరువు పెంచడం గురించి చెప్పేముందు, నెమ్మదిగా ఎందుకన్నది ఒక్క మాట. కొత్త బరువుకు మొదట అలవాటు పడేది నరాలు, అందుకే మొదటి వారాల్లో కండ కనిపించకుండానే బలం పెరుగుతుంది. తరువాత కండ. అన్నిటికన్నా ఆలస్యంగా గట్టిపడేది కండను ఎముకకు కట్టే స్నాయువు. బండికి కొత్త ఇంజిన్ వేసి పాత గొలుసే ఉంచినట్టు. జిమ్‌లో ఎవరో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో మూడు నెలల్లో 40 కిలోలు పెంచుకున్నవారికి ఛాతీ తెగడం ఎందుకు ఎక్కువో ఇక్కడ అర్థమవుతుంది.

మీ నిజమైన గరిష్ఠం 60 అనుకుందాం. వారానికి ఒక్క రోజు కాదు, రెండు రోజులు చేయండి, మధ్యలో కనీసం 48 గంటలు ఉండేలా. సోమవారం 45 కిలోలతో నాలుగు సెట్లు, సెట్టుకు ఐదు. గురువారం 40తో మూడు సెట్లు, సెట్టుకు ఎనిమిది, ప్రతిసారీ ఛాతీ మీద ఒక సెకను ఆగుతూ. రెండు రోజులూ ముందు వట్టి బార్‌తో పది, 30తో ఐదు చేసి వేడెక్కండి. సెట్ల మధ్య మూడు నిమిషాలు విశ్రాంతి. ఫోన్ చూస్తూ పది నిమిషాలు కూర్చున్నా నష్టమే, ముప్పై సెకన్లకే మళ్లీ పడుకున్నా నష్టమే.

ప్రతి సెట్టునూ ఇంకా రెండు చేయగలను అనిపించే చోట ఆపేయాలి. మీకు నచ్చని మాట ఇదేనని తెలుసు. 45 తేలికగా అనిపిస్తుంది, పక్కవారు నవ్వుతారు. నవ్వనివ్వండి. సోమవారం నాలుగు సెట్లూ ఆ మిగులుతో పూర్తయితే వచ్చే సోమవారం 2.5 కిలోలు కలపండి. అంటే ఒక్కోవైపు 1.25. చాలా జిమ్‌లలో 2.5 ప్లేటుకన్నా చిన్నది ఉండదు, దాంతో కనీస పెంపు 5 కిలోలు అవుతుంది. 45 మీద 5 అంటే పదకొండు శాతం, ఏ కండా వారానికి అంత పెరగదు. 1.25, 0.5 కిలోల ప్లేట్లు ఒక జత కొని సంచిలో వేసుకోండి. ఖరీదైన బెల్టుకన్నా, పౌడర్ డబ్బాకన్నా ఇవి ఎక్కువ పని చేస్తాయి.

ఇలా 55 దాకా చకచకా వెళతారు, తరువాత అడుగు బరువవుతుంది. అక్కడ బరువుకు బదులు రెప్‌లు పెంచాలి. కెనడాకు చెందిన డగ్ హెప్‌బర్న్ 1950లలో 500 పౌండ్లు, అంటే దాదాపు 227 కిలోలు బెంచ్ చేసిన తొలి మనిషిగా పేరుపొందాడు. పుట్టుకతో వంకర పాదం ఉన్నవాడు, 1953లో వెయిట్‌లిఫ్టింగ్ ప్రపంచ విజేత. అతని పేరుతో ప్రచారంలో ఉన్న పద్ధతి చూస్తే నవ్వొస్తుంది: ఒక బరువుతో ఎనిమిది సెట్లు, సెట్టుకు రెండే రెప్‌లు. మరుసటిసారి ఒక్క సెట్టులో మాత్రం మూడు. ఆ తరువాత రెండు సెట్లలో మూడు. అలా ఎనిమిది సెట్లూ మూడుకు చేరాకే కొంచెం బరువు కలిపి మళ్లీ రెండు నుంచి. రోజుకు ఒక్క రెప్ పెరుగుదల. అంత బలవంతుడే అంత చిన్న అడుగు వేస్తే మనకు తొందర ఎందుకు? మీరు నాలుగు సెట్లకే దీన్ని వాడుకోవచ్చు: నాలుగేసి రెప్‌లతో మొదలుపెట్టి, ఒక్కో రెప్ కలుపుతూ అన్నీ ఆరుకు చేరాక 2.5 పెంచండి.

ఒకే బరువు మీద వరుసగా రెండు సోమవారాలు రెప్‌లు తప్పితే మూడోసారి మొండికేయకండి. పది శాతం తగ్గించి మళ్లీ ఎక్కండి. నాలుగైదు వారాలకు ఒకసారి, అలసట లేకపోయినా, ఒక వారం సెట్లు సగానికి తగ్గించండి.

100 ఎప్పుడన్న ప్రశ్నకు: మీ ఒంటి బరువుకు అది దాదాపు ఒకటిన్నర రెట్లు. స్టెరాయిడ్ల సాయం లేకుండా, ఉద్యోగం చేసుకుంటూ, రెండు మూడేళ్ల పని అని నా అంచనా. డిసెంబరుకు 70 ఒక్కసారి శుభ్రంగా, ఛాతీ మీద ఆగి లేస్తే మీరు చాలామందికన్నా ముందున్నట్టే.

ఛాతీకి చేసిన ప్రతి సెట్టుకూ వీపుకు ఒక సెట్టు ఉండాలి: వంగి బార్‌ను పొట్టవైపు లాగడం, కేబుల్‌ను ముఖం వైపు లాగడం. బార్‌ను నిలకడగా దించేది వీపే. చేతి వెనక కండరాలకు, అంటే ట్రైసెప్స్‌కు, ఇరుకు పట్టుతో ప్రెస్ చాలు.

తిండి గురించి క్లుప్తంగా. ఒంటి బరువులో కిలోకు 1.6 గ్రాముల ప్రోటీన్ అంటే మీకు రోజుకు 110 గ్రాముల దాకా. నాలుగు గుడ్లు 24 ఇస్తాయి, 150 గ్రాముల చికెన్ 35 దాకా, అర లీటరు పాలు పెరుగు కలిపి 16. మిగతాది పప్పు, వేరుశనగలు, సోయా ముక్కలు, అన్నం నుంచే వస్తుంది. శాకాహారులైతే పప్పుచారులో పప్పు ఉందని నమ్మి మోసపోకండి, ముద్దపప్పు తినాలి. నాలుగు నెలలుగా మీ ఒంటి బరువు కూడా 68 దగ్గరే ఆగి ఉంటే, బార్ ఆగడానికి అదీ ఒక కారణం.

చివరిగా బెల్టు, పట్టీలు. బెంచ్ ప్రెస్‌కు బెల్టు మీ స్థాయిలో అవసరం లేదు. మణికట్టు పట్టీలు పట్టు సరిచేసుకున్నాక కూడా నొప్పి ఉంటేనే, అదీ 70 దాటాక చూద్దాం. ఆ డబ్బుతో పైన చెప్పిన చిన్న ప్లేట్లు, ఒక నోటుపుస్తకం కొనండి. రెండు వారాల తరువాత భుజం ఎలా ఉందో, 50తో ఎన్ని వచ్చాయో రాయండి. వీడియో తీస్తే కాళ్లవైపు నుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ఫోన్ బెంచ్ ఎత్తులో పెట్టి తీయండి. పైనుంచి తీసినదాంట్లో మోచేతులు కనిపించవు.